ఆయుధము లేని భటులు
(తెల్ల రక్తకణములకు గలుగు ఒక అరుదైన వ్యాధియు, దానితో జీవించువారు పాటింపవలసిన జాగ్రత్తలును)

క్రిస్మసు పండుగ సమీపించుచుండగా పాఠశాలల ఆవరణములను శుభ్రపరచుట వాడుక. బాలురు చీపుళ్లు పట్టి, చెట్లక్రింద నెలల తరబడి రాలి కుళ్లిన ఆకులను ఊడ్చి కుప్పలు వేయుదురు. ఆ కుప్పలను తట్టల కెత్తి ఎరువుగుంటలో పోయుదురు. ఆ దుమ్ము ముక్కున కెక్కినచో మనము రెండు తుమ్ములు తుమ్మి మరల పనిలో బడుదుము. దానివలన మనకు వచ్చిన కీడేమియు లేదు. అయితే ఆ దుమ్మునే పీల్చి, కొలది దినములలో ఊపిరి యాడక ప్రాణాపాయస్థితికి వచ్చు బాలురు లోకమున గలరు. వారు చూచుటకు మనవలెనే యుందురు. మనవలెనే చదువుదురు, ఆడుదురు, నవ్వుదురు. వారి లోపము కంటికి గనబడదు. అది వారి రక్తములోని తెల్లకణములలో నున్నది. ఆ లోపమెట్టిదో, దానితో జీవించుచు అంటురోగములనుండి తప్పించుకొను మార్గమేదో, ఈ వ్యాసమున వివరింపబడును.

మన రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములు నను రెండు తెగలు గలవని పై తరగతుల విద్యార్థులెల్లరు నెఱుగుదురు. తెల్లకణముల పని యేమో మొదట లోకమునకు విశదపఱచిన వారిలో ముఖ్యుడు ఇల్యా మెచ్నికాఫ్ అను రష్యాదేశపు జీవశాస్త్రజ్ఞుడు. 1882వ సంవత్సరమున ఆయన ఇటలీదేశమునకు చేరిన సిసిలీ ద్వీపములోని మెస్సీనా పట్టణమున నివసించుచు, సముద్రమునందలి నక్షత్రపు చేపల పిల్లలను సూక్ష్మదర్శినిలో పరిశీలించుచుండెను. ఆ పిల్లలు గాజువలె స్వచ్ఛమైన దేహము గలవి. లోపల జరుగునదంతయు బయటికి గనబడును. ఆయన తన యింటి తోటలోని గులాబి ముండ్లను దెచ్చి వాని చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ తోటలోనే కొలది దినముల క్రిందట పిల్లలకొఱకు ఒక చిన్న నారింజ జాతి చెట్టును క్రిస్మసు వృక్షముగా నలంకరించి యుండిరి. మఱునాడుదయమున చూడగా, సంచరించు కణములు గుంపులుగా వచ్చి ఆ ముండ్లను చుట్టుముట్టి యుండెను. శరీరములో బ్రవేశించిన శత్రువును మ్రింగుటకు శరీరమే భటులను బంపునని ఆయన గ్రహించెను. ఈ కృషికై 1908లో ఆయనకు, పాల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞునితోపాటు, నోబెల్ బహుమానము లభించెను.

ఆ భటులలో సంఖ్యచే నధికమైనవి న్యూట్రోఫిల్ అను కణములు. చర్మము తెగినప్పుడు గాని, ఊపిరితిత్తులలో సూక్ష్మజీవులు చొచ్చినప్పుడు గాని మొదట పరుగెత్తి వచ్చునవి యివియే. అయితే మ్రింగుట వేఱు, చంపుట వేఱు. న్యూట్రోఫిల్ సూక్ష్మజీవిని మ్రింగి ఒక చిన్న సంచిలో బంధించును. తరువాత ఆ కణములోని యొక యంత్రము పనిచేయ నారంభించును. అది ప్రాణవాయువును గ్రహించి, దానిని తీక్ష్ణమైన పదార్థముగా మార్చి ఆ సంచిలోనికి విడుచును. దానినుండియే హైడ్రోజను పెరాక్సైడు మొదలగునవి పుట్టును. గుడ్డల మఱకలను పోగొట్టు ద్రావకములవంటి ఈ పదార్థముల సాయముననే ఆ సూక్ష్మజీవి చచ్చును. ఈ యంత్రము కొన్ని భాగములు కూడియేర్పడినది. పుట్టుకతోనే అందొక భాగము లోపించినచో, యంత్రమంతయు నిలిచిపోవును. అప్పుడు భటుడు శత్రువును పట్టుకొనును గాని చంపజాలడు. వానిచేతిలో ఆయుధము లేదు. సజీవమైన శత్రువు లోపలనే దాగియుండును. మఱికొన్ని కణములు వచ్చి చుట్టును చేరును. ఇట్లు చేరి చేరి గడ్డలు కట్టును. ఈ గడ్డలను వైద్యులు గ్రాన్యులోమా లందురు. కనుకనే ఈ వ్యాధికి క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ అని పేరు వచ్చెను. దీనిని సంగ్రహముగా సి.జి.డి. అందురు. అమెరికాలో సుమారు రెండులక్షల జననములలో ఒక్కరికి ఈ వ్యాధి యుండునని వైద్యులు లెక్క వేసియున్నారు.

ఈ వ్యాధి చరిత్రము కూడ నెఱుగదగినది. 1950 తరువాతి దశకమున అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు కొందఱు బాలురను పరీక్షించిరి. ఆ బాలురకు మాటిమాటికి గ్రంథులు వాచి చీము పట్టుచుండెను. కాలేయమునందును ఊపిరితిత్తులయందును గడ్డలు లేచుచుండెను. వారిలో అనేకులు చిన్నతనముననే మరణించిరి. 1957లో ఆ వైద్యులు దీనిని వర్ణించినప్పుడు, పేరులోనే "ప్రాణాంతకమైన" అను మాటను చేర్చిరి. 1967లో ఆ మిన్నెసోటాలోనే జరిగిన పరిశోధనలవలన, ఈ బాలుర తెల్లకణములు సూక్ష్మజీవులను మ్రింగియు చంపలేకున్నవని తేలెను. కారణము తెలిసినపిమ్మట నివారణోపాయములు వెదకుటకు దారి యేర్పడెను. నేడు ఈ వ్యాధిగలవారనేకులు పెరిగి పెద్దవారై, ఉద్యోగములు చేసికొని, సంసారములు నడుపుకొనుచున్నారు. పేరులో నుండిన "ప్రాణాంతకము" పోయి "దీర్ఘకాలికము" అను మాట నిలిచినది. ఈ మార్పునకు మందులు ఒక కారణము. దినదినము పాటించు జాగ్రత్త మఱియొక కారణము.

ఇది అంటువ్యాధి కాదని మొదట అందఱును దెలిసికొనవలయును. ఇది వంశానుగతముగా వచ్చునది. ప్రక్కను గూర్చున్నందువలన గాని, ఒకే పంక్తిలో భుజించినందువలన గాని, చేతులు కలిపినందువలన గాని ఇది యొకరినుండి యొకరికి రాదు. దీనిలో ఒక తెగ తల్లినుండి కుమారునకు సంక్రమించును. ఎక్స్ అను క్రోమోజోములో లోపము గల తల్లికి బుట్టు ప్రతి మగశిశువునకును ఈ వ్యాధి వచ్చుటకు సగము అవకాశముండును. మఱియొక తెగలో తల్లిదండ్రులిరువురును ఆరోగ్యవంతులే యైనను, ఒక్కొక్క లోపమును దెలియకయే మోయుచుందురు; అట్టివారి సంతానములో ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు అవకాశముండును. దగ్గఱ రక్తసంబంధముగలవారు వివాహమాడినచో ఇరువురియందును ఒకే లోపముండుటకు అవకాశము హెచ్చు. మేనమామకును అక్కబిడ్డకును వివాహము చేయుట, మేనఱికములు సలుపుట మన తెలుగునాట చిరకాలముగా వచ్చిన ఆచారము గనుక, ఈ సంగతి మన తల్లిదండ్రు లెఱిగియుండుట మేలు. అయితే ఎవ్వరును దీనిని దెలిసి తెచ్చుకొన్నది కాదు. కోడలిని నిందించుటకు గాని, తల్లి తన్ను దాను నిందించుకొనుటకు గాని ఇందు కారణమే లేదు.

ఇక జాగ్రత్తలను గూర్చి చెప్పుదము. ఇచ్చట సామాన్యజనులు పొరబడు విషయ మొకటి కలదు. బిడ్డకు రోగనిరోధకశక్తి తక్కువ యని వినగానే, తలిదండ్రులు వానిని తోడి బాలురనుండి వేఱుచేసి యింటిలో గూర్చుండబెట్టుదురు. జలుబు చేసినవాని గాలి సోకునేమో యని భయపడుదురు. కాని జలుబు, పొంగు మొదలగు వైరసులవలన గలుగు జబ్బులను ఈ బాలుడు ఇతర బాలురవలెనే ఎదుర్కొనగలడు. వానిని జయించు పని ముఖ్యముగా ఇతర కణములది. ఈ బాలునకు శత్రువులు వేఱు. కురుపులు పుట్టించు స్టాఫిలోకోకస్, మట్టిలోను తడి తావులలోను నుండు సెరేషియా, బర్ఖోల్డేరియా, నోకార్డియా అను సూక్ష్మజీవులు, అన్నిటికంటె ముఖ్యముగా ఆస్పర్‌జిల్లస్ అను బూజు. ఈ బూజు ఎక్కడ నుండును? కుళ్లిన ఆకులలో, పాత గడ్డిలో, ఎరువులో, తడిసిన గోడలపై నుండును. అనగా, మనము అపాయమనుకొను తరగతిగది ఈ బాలునకు చాలవఱకు క్షేమము. మనము నిరపాయమనుకొను గడ్డివామి అతనికి అపాయము. భయపడవలసినచోట భయపడక, భయపడనక్కఱలేనిచోట భయపడుటచేతనే ఎక్కువ నష్టము గలుగును.

కావున ఈ వ్యాధిగలవారు కొన్ని తావులను, కొన్ని పనులను ఖండితముగా విడువవలయును. ఆకులకుప్పలలో ఆడరాదు, వానిని ఊడ్వరాదు. ఎరువుగుంటను, పెంటకుప్పను తిరుగవేయరాదు. గడ్డివామిమీద దొర్లరాదు, వరిగడ్డిబండిమీద నెక్కరాదు, నూర్పిడి జరుగు కళ్లమున నిలువరాదు. ఊకను, ఱంపపుపొట్టును చేతులతో గలుపరాదు. తోటపనిలో మట్టి త్రవ్వరాదు. పశువులసాలను శుభ్రపఱచుట, పేడ కలిపి అలుకుట వీరికి దగిన పనులు కావు. ఏండ్ల తరబడి మూసియుంచిన కొట్టులలోనికి, గాదెలలోనికి, కొండగుహలలోనికి పోరాదు. పాత గోడలు కూల్చునప్పుడును, ఇల్లు మరమ్మతు చేయునప్పుడును ఆ బిడ్డను వేఱొక యింట నుంచవలయును. వర్షకాలమున గోడలు చెమ్మగిల్లి బూజుపట్టకుండ చూచుకొనవలయును. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నచో చాలదా యని కొందఱడుగుదురు. చాలదు. ఆస్పర్‌జిల్లస్ బీజములు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు భాగములంతటి సూక్ష్మములు. గుడ్డ నేతలోని సందులు వానికి సింహద్వారములవంటివి.

నీటి విషయమునను జాగ్రత్త కావలయును. చెఱువులలోను, కాలువలలోను, బురదనీటిలోను ఈదరాదు. క్లోరిను చక్కగా కలిపిన కొలనులో ఈదవచ్చును. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను, మోకాలు చీరుకొనిపోయినను, వెంటనే సబ్బుతోను శుభ్రమైన నీటితోను కడుగవలయును. గాయముపై పసరులు, మట్టి, కాఫీపొడి మొదలగునవి పెట్టరాదు. గాయము ఎఱ్ఱబడి వాచినచో వైద్యునికి చూపవలయును. చెప్పులు లేక నడువరాదు. పండ్లను, చిగుళ్లను శుభ్రముగా నుంచుకొనవలయును, ఏలన చిగుళ్లవాపు ఈ వ్యాధిలో తఱచు. ఇంటిలో నెవ్వరును పొగ త్రాగరాదు. ఊపిరితిత్తులే ఈ వ్యాధికి మొదటి రణరంగము గనుక, చుట్టపొగ అచ్చట శత్రువునకు తోడ్పడినట్లగును.

ఇవి బాహ్యరక్షణములు. అంతరంగరక్షణము మందులవలన గలుగును. వైద్యులు ఈ రోగులకు రెండు మందులను ప్రతిదినమును ఇచ్చెదరు. సూక్ష్మజీవులను అడ్డుటకు కోట్రైమాక్సజోల్, బూజును అడ్డుటకు ఇట్రాకొనజోల్. ఇవి జబ్బు చేసినప్పుడు మాత్రము పుచ్చుకొనునవి కావు. జబ్బు రాకుండ జీవితమంతయు పుచ్చుకొనునవి. ఇందుకు 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధన తార్కాణము. అమెరికా ప్రభుత్వారోగ్యసంస్థలలో ముప్పదితొమ్మిదిమంది రోగులను గైకొని, ఇట్రాకొనజోలును ఒక సంవత్సరము, మందులేని ఉత్తుత్తి గుళికలను మఱియొక సంవత్సరము మార్చి మార్చి ఇచ్చిరి. ఉత్తుత్తి గుళికలు పుచ్చుకొను కాలమున ఏడుగురికి బూజువలన తీవ్రమైన జబ్బు వచ్చెను. మందు పుచ్చుకొను కాలమున ఒక్కనికి మాత్రమే వచ్చెను. ఆ యొక్కడును మందును సరిగా పుచ్చుకొననివాడు! "నేడు బాగుగనే యున్నాను గదా, ఒకపూట మానినచో నేమి?" యను ఆలోచన బాలురకు సహజముగా గలుగును. ఆ యాలోచనకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము లేదు.

మూడవ మందొకటి కలదు. దానిపేరు ఇంటర్‌ఫెరాన్ గామా. దీనిని వారమునకు మూడుమార్లు చర్మముక్రింద సూదితో నిచ్చెదరు. 1991లో ప్రకటింపబడిన పరిశోధనలో, మందులేని సూదులు పుచ్చుకొన్న అఱువదియైదుగురిలో ముప్పదిమందికి తీవ్రమైన అంటుజబ్బులు రాగా, ఈ మందు పుచ్చుకొన్న అఱువదిమువ్వురిలో పదునలుగురికి మాత్రమే వచ్చెను. ఏ మందు, ఎంత మోతాదు, ఎవ్వరికి దగునో నిర్ణయించువాడు వైద్యుడే. మందులను మనంతట మనము మొదలిడుటయు మానుటయు రెండును దోషములే. ఆరోగ్యవంతుని ఎముకమూలుగను గ్రహించి రోగికి మార్పిడి చేయుటచే ఈ వ్యాధి నిర్మూలము కాగలదు గాని, సరిపడు దాత దొరకవలయును. ఆ చికిత్సలోనే కొన్ని అపాయములు గలవు.

ఇంకొక ముఖ్యవిషయము. ఈ వ్యాధిలో జ్వరము వంచన చేయును. ఊపిరితిత్తులలో బూజు వ్యాపించుచున్నను, కొందఱు రోగులకు జ్వరము గాని దగ్గు గాని లేకయే యుండును. ఇతర బాలునకు మంటవలె లేచు రోగము ఈ బాలునియందు నివురుగప్పిన నిప్పువలె నుండును. కావున స్వల్పమైన జ్వరమును, కారణము తెలియని నీరసమును, ఆకలి మందగించుటను, బరువు తగ్గుటను, కడుపునకు కుడివైపున నొప్పిని తేలికగా నెంచరాదు. "రెండుదినములు చూతము" అనుట ఇతరులకు చెల్లును; వీరికి చెల్లదు. అదే దినమున వైద్యునియొద్దకు పోయి, వ్యాధిపేరు చెప్పి, అవసరమైనచో రక్తపరీక్షయు, రొమ్ముచిత్రమును చేయించుకొనవలయును. క్రొత్త వైద్యుడు ఈ వ్యాధిని మునుపెన్నడును చూచియుండకపోవచ్చును. అందుచే వ్యాధిపేరును, వాడు మందులను, తమ వైద్యుని చిరునామాను ఒక చీటిపై వ్రాసి బిడ్డ సంచిలో నెల్లప్పుడు నుంచుట మంచిది.

మన దేశపు తల్లులు తెలిసికొనవలసిన సంగతి మఱియొకటి. క్షయనివారణకై శిశువునకు పుట్టగనే బి.సి.జి. టీకా వేయుదురు. అది లక్షలాది బిడ్డలకు మేలుచేయు టీకా. కాని అందు బలహీనపఱచిన సజీవ సూక్ష్మజీవులు గలవు. సి.జి.డి. గల శిశువునకు ఆ టీకాయే వ్రణమై, చంకలోని గ్రంథులు వాచి, ఒక్కొక్కప్పుడు దేహమంతయు వ్యాపింపగలదు. కావున ఇంటిలో నొక బిడ్డకు ఈ వ్యాధి యున్నట్లు తేలినచో, తరువాత పుట్టు బిడ్డను పరీక్షించునంతవఱకు బి.సి.జి. వేయింపక, ప్రసవమునకు ముందుగనే వైద్యునికి తెలుపవలయును. పరీక్ష కష్టమైనది కాదు. పసుపుపచ్చని యొక రంగుద్రవ్యమును తెల్లకణములతో కలిపినచో, ఆరోగ్యవంతుని కణములు దానిని ముదురు నీలముగా మార్చును. ఈ వ్యాధిగలవాని కణములు మార్పజాలవు. నేడు ఇంతకంటె సునిశితమైన పరీక్షయు వాడుకలో నున్నది. అందు ఆరోగ్యవంతుని కణములు ప్రకాశించును. కొలది నెత్తురుచుక్కలతో సత్యము బయటపడును. చాలమంది బిడ్డలకు వేయు తక్కిన టీకాలను మాత్రము ఈ భయముచే మానరాదు. ఏవి వేయవలయునో వైద్యుని నడుగవలయును.

ఇక పాఠశాలయొక్క బాధ్యతను గూర్చి రెండు మాటలు. ఇట్టి బాలుడు మన తరగతిలో జేరినచో, మొదటి కర్తవ్యము ఉపాధ్యాయులది. ఆకులూడ్చు దినమున, తోటపని దినమున, వానిని అందఱియెదుటను లేవదీసి "నీవు రోగివి, ప్రక్కకు పొమ్ము" అనరాదు. వానికి వేఱుపని యియ్యవలయును. హాజరుపట్టిక వ్రాయుట, గ్రంథాలయపు క్రొత్త పుస్తకములకు అట్టలు వేయుట, పాటలు నేర్పుట, ఇట్టి పనులకు కొదువ లేదు. క్రిస్మసు నాటకమున పశువులతొట్టి దృశ్యమునకై పాత గడ్డిని పఱచు వాడుక మనకు గలదు. ఆ సంవత్సరము గడ్డికి బదులుగా పసుపుపచ్చని కాగితములను కత్తిరించి పఱచినచో దృశ్యమున కేమి లోపము? గొఱ్ఱెలకాపరులలో నొకడుగా ఆ బాలుడును నిలువగలడు. అతని నాటకమునుండి తొలగించుట సులభము, గడ్డిని తొలగించుట కొంచెము శ్రమ. ఆ కొంచెము శ్రమయే మనము చేయవలసినది.

రెండవ కర్తవ్యము విద్యార్థులది. ఆటలో స్నేహితుని మోకాలు చీరుకొన్నప్పుడు "ఇదేమి గొప్ప గాయము!" అని పరిహసింపక, వెంటనే సబ్బును నీటిని అందీయుడు. మందువేళను జ్ఞప్తిచేయుడు. విహారయాత్రలో గుహ లోనికి అందఱును పోవునప్పుడు, అతనితో నొకడు బయట నిలువుడు. ఒంటరిగా నిలుచుటకంటె ఇద్దఱు నిలుచుట తేలిక. మూడవ కర్తవ్యము తల్లిదండ్రులది. బిడ్డకు వ్యాధిని దాచి పెంపకుడు. ఏ తావు అపాయమో, ఎందుకపాయమో వాని వయస్సునకు దగినట్లు చెప్పుడు. పదునాలుగేండ్ల బాలుని వెంబడి తల్లి యెల్లప్పుడును తిరుగజాలదు. వానికి కలిగిన యెఱుకయే వాని వెంబడి తిరుగును.

మెచ్నికాఫ్ గ్రుచ్చిన ముల్లుచుట్టును భటులు చేరినట్లే, ఈ బాలుని దేహమునను భటులు చేరుదురు. వారికి ధైర్యము లోపములేదు, వేగము లోపములేదు. ఆయుధ మొక్కటే లేదు. ఆ ఆయుధమునకు బదులుగా ప్రతిదినపు మందును, శుభ్రమైన గాలిని, తెలిసిన వైద్యుని, తెలివిగల స్నేహితులను మనము సమకూర్పగలము. అంతమాత్రము జరిగినచో, ఆ బాలుడు మనతోపాటు పరీక్షకు గూర్చుండును, మనతోపాటు పై తరగతికి పోవును.